గొంతు పెట్టిన సెలవు చీటీ

నేను గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్‌ని. నా గొంతు మూగబోయిన ఏడాది పదో తరగతి రెండు సెక్షన్లూ నావే. సిలబస్ తొందర, సాయంత్రం స్టడీ అవర్, మధ్యాహ్న భోజనం దగ్గర లైన్ చూసుకోవడం, అన్నిటికీ కావలసింది గొంతే. దసరాకి ముందే బొంగురు మొదలైంది. మా అత్తగారి మిరియాల పాలు అయ్యాయి, స్టాఫ్‌రూమ్‌లో తలా ఒకరు ఇచ్చిన కరక్కాయ, అతిమధురం అయ్యాయి. కార్తీక మాసం వచ్చేసరికి ఆఖరి పీరియడ్‌లో నోరు తెరిస్తే మాట రావడం లేదు, గాలి వస్తోంది.

ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపించి తెర మీద చూపించారు. తెల్లగా రెండు స్వరతంతువులు, వాటి మీద ఎదురెదురుగా చిన్న బుడిపెలు. నాడ్యూల్స్ అన్నారు. ఆడవాళ్ళు మామూలుగా మాట్లాడేటప్పుడే ఆ తంతువులు సెకనుకి సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయట, అరిచినప్పుడు ఆ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుందట, రోజూ పలుగు పట్టే చేతికి కాయలు కాసినట్టే ఇదీ అన్నారు. క్యాన్సర్ కాదమ్మా అని ఆయన నోటితో చెప్పేదాకా నా చేతులు చల్లబడిపోయి ఉన్నాయి. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, ముందు గొంతుకి పూర్తి విశ్రాంతి, తర్వాత స్పీచ్ థెరపీ. గుసగుసగా కూడా మాట్లాడొద్దు, అస్తమానం గొంతు సవరించుకోవద్దు, గట్టిగా నవ్వొద్దు. పుక్కిలించిన నీళ్ళు తంతువుల దాకా పోవు, వాటి దారి వేరు, కానీ రోజంతా నీళ్ళు బాగా తాగితే ఒంటితో పాటు అవీ తడిగా ఉంటాయని చెప్పారు.

అన్నిటికన్నా ఆ గట్టిగా నవ్వొద్దు అన్న మాట నాకు గుచ్చుకుంది. నా క్లాసు నడిచేదే నవ్వు మీద. భోజనం తర్వాత పీరియడ్‌లో నిద్రమత్తులో ఉన్న పిల్లలకి సమాసాలు చెప్పాలంటే ఒకసారి ఫక్కున నవ్వించాలి, ఆ తర్వాత పది నిమిషాలు ఏం చెప్పినా వింటారు. ఇది ఏ టీచర్ని అడిగినా చెబుతారు.

సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్న రోజులు చాలా దిగులుగా గడిచాయి. ఫోన్ మోగితే ఎత్తలేను, గుమ్మంలో ఎవరైనా పిలిస్తే పలకలేను. మాట లేని టీచర్ ఎవరికి కావాలి అన్న ఆలోచన రాత్రిళ్ళు నిద్ర పట్టనిచ్చేది కాదు.

తిరిగి స్కూల్‌కి వెళ్ళినా ఇంకా మాట్లాడకూడదు. రాతపని, బోర్డు పని చేసుకోమ్మా అని హెడ్మాస్టారు అన్నారు. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద ‘నా గొంతు సెలవులో ఉంది’ అని రాశాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, “సెలవు చీటీ ఇచ్చిందా టీచర్?” అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాకు వెంటనే లేఖారచన పాఠం గుర్తొచ్చి, ‘అయితే గొంతు తరఫున మీరే రాయండి’ అని బోర్డు మీద రాసిచ్చాను. ఇంటికి తెచ్చుకున్న ఆ కాగితాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. ఒక అమ్మాయి ఇలా రాసింది: “గౌరవనీయులైన టీచర్ గారికి, మీ గొంతు నమస్కరించి వ్రాయునది ఏమనగా, నేను చాలా ఏళ్ళ నుండి ఒక్క క్యాజువల్ లీవు కూడా వాడుకోలేదు. తొమ్మిది బి వాళ్ళు అల్లరి తగ్గించుకుంటామని హామీ ఇచ్చినచో త్వరగా వచ్చి చేరగలను. ఇట్లు, మీ విధేయురాలు, గొంతు.” చదువుతుంటే భుజాలు కదిలిపోయేలా, చప్పుడు లేకుండా నవ్వాను, కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. జబ్బు మొదలయ్యాక నేను అంతగా నవ్వింది అదే మొదటిసారి.

మా సీనియర్ తెలుగు పండితులు తన ఖాళీ పీరియడ్లు వదులుకుని పదో తరగతికి నా బదులు చదివి చెప్పడానికి వచ్చేవారు, నేను పక్కన బోర్డు మీద రాసేదాన్ని. పిల్లలు కొంచెం బిక్కమొహం వేస్తే ఆయన, “ఒరేయ్, నేను మీ టీచర్‌కి ఆదేశంగా రాలేదురా, ఆగమంగా వచ్చాను” అన్నారు. సంధిలో ఆదేశం అనేది అప్పటికే ఉన్న అక్షరాన్ని తోసేసి దాని చోట్లో కూర్చుంటుంది కాబట్టి శత్రువులాంటిది, ఆగమం పక్కన వచ్చి చేరుతుంది కాబట్టి మిత్రుడిలాంటిది అని వ్యాకరణంలో పాతమాట ఉంది కదా. పిల్లలు నవ్వారు, ఆ రెండిటి దగ్గర తికమకపడటం మళ్ళీ నేను చూడలేదు. నాకు మాత్రం ఆ ఒక్క మాటతో, నా చోటు పోతుందేమో అన్న భయం సగం దిగిపోయింది.

స్పీచ్ థెరపిస్ట్ దగ్గర ఆవలింతతో మొదలుపెట్టి నిట్టూర్పులా శబ్దం వదలడం, గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి ఊదుతూ ‘ఊ’ అనడం, ఇవీ నా వ్యాయామాలు. టెన్షన్ పడితే మెడ, దవడ కండరాలు బిగుసుకుని గొంతు పెట్టె పైకి లాక్కుంటుందని ఆమె నా మెడ మీద చెయ్యి వేయించి చూపించింది. సరదాగా ఏదైనా మాట్లాడుకున్నాక మళ్ళీ తాకి చూస్తే మెత్తగా ఉండేది. నవ్వు మనసుకి మంచిదని అందరూ అంటారు, నాకు అది వేళ్ళకి తెలిసింది.

తర్వాత టీచర్ల గొంతు గురించీ, క్లాసులో నవ్వు గురించీ చదవడం మొదలుపెట్టాను. అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో జరిపి 2004లో ప్రచురించిన సర్వేలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందన్న టీచర్లు 57.7 శాతం, వేరే పనులు చేసేవాళ్ళు 28.8 శాతం. మన దగ్గర కిక్కిరిసిన గదులు, ఫ్యాన్ల రొద, రోడ్డు చప్పుడు కూడా తోడు. 1988లో ఇజ్రాయెల్‌లో అవ్నర్ జివ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త స్టాటిస్టిక్స్ క్లాసులో పాఠానికి సంబంధించిన జోకులు కలిపి చెప్పిస్తే ఆ విద్యార్థులకి మార్కులు ఎక్కువ వచ్చాయి. పాఠానికి సంబంధించినవి అన్నది ముఖ్యం. పిల్లాడి రంగు మీదో, వాళ్ళ నాన్న చేసే పని మీదో, చదవలేకపోవడం మీదో జోకు వేసి మిగతావాళ్ళని నవ్వించడాన్ని నేను హాస్యం అనను. ఆ నవ్వులో కూర్చున్న పిల్లాడు మళ్ళీ చెయ్యెత్తడు.

స్టాఫ్‌రూమ్ సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో మరుగుదొడ్ల ఫొటోలు కూడా మేమే యాప్‌లో ఎక్కించాలి, సర్వర్ పనిచేసేది కాదు. అందరం కడుపుబ్బా నవ్వుకునేది దాని గురించే. ఆ నవ్వు లేకపోతే మాలో ఇద్దరు ముగ్గురు వాలంటరీ రిటైర్మెంట్ పెట్టేసేవాళ్ళని గట్టిగా నమ్ముతాను.

వేసవి సెలవుల్లో మళ్ళీ కెమెరా పెట్టి చూస్తే బుడిపెలు బాగా చిన్నవయ్యాయి. ఇప్పుడు నడుముకి కట్టుకునే చిన్న మైకు వాడుతున్నాను, వరసగా మూడు పీరియడ్లు తీసుకోను, పాఠం మధ్యలో పిల్లల చేతే చదివిస్తాను. పై స్థాయిలో పద్యం రాగం తీయడం మాత్రం ఇంకా కుదరడం లేదు. మీలో ఎవరికైనా రెండు మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే దయచేసి మిరియాల పాలతో ఆగకండి, ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోండి, పబ్లిక్ పరీక్షలు అయ్యాక చూద్దాంలే అనుకోకండి.