బస్సు చుట్టరికం

"అమ్మమ్మా, సముద్రం ఎప్పుడు వెళ్ళిపోతుంది?" అని అడిగింది మా చిన్నది, కళింగపట్నం ఒడ్డున కూర్చుని. అమ్మకి అర్థం కాలేదు. "సముద్రం ఎక్కడికెల్తాదే తల్లీ, ఇక్కడే ఉంటాది" అంది.

తప్పు పిల్లది కాదు, దానికి తెలిసిన సముద్రం వేరు. మేముండేది బర్మింగ్‌హామ్‌లో. ఏటా వేసవిలో తెలుగువాళ్ళం తలా ఇంత వేసుకుని, బస్సు మాట్లాడుకుని వెస్టన్ సూపర్ మేర్ వెళ్తాం. రెండు గంటల పైచిలుకు ప్రయాణం, పులిహోర, అంత్యాక్షరి. అక్కడి సముద్రం గరాటులా లోపలికి సన్నబడుతూ వస్తుంది. అందుకే అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు 10 మీటర్లకు పైగా లేచి, మళ్ళీ దిగిపోతాయి. పాటు వేళకి వెళ్తే కనుచూపు మేరంతా బురదే.

మూడేళ్ళ కిందట మావాడు ఆ బురదలోకి పరుగెత్తాడు. హెచ్చరిక బోర్డు పక్కనుంచే వెళ్ళాడు. మోకాళ్ళ దాకా దిగిపోయి, కాలు పైకి రాక ఏడుపు. నేను చేరేలోపే, తన కొడుకుని చూడ్డానికి ఇంగ్లండు వచ్చిన పలాస పెద్దాయన ఒకరు ప్యాంటు మడిచి, రెండు చంకల కిందా చేతులేసి వాణ్ణి లాగేశారు. ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది. "ఏటిరా బాబూ, బోర్డు చదవనేవా? మీయమ్మ ఏటైపోద్ది?" అని గట్టిగా కేకలేశారు. వాడికి ప్రతి మాటా అర్థమైంది. తిరుగు ప్రయాణంలో ఆయన పక్కనే కూర్చుని, ఆయన భుజం మీదే నిద్రపోయాడు.

పరాయి పిల్లాణ్ణి తిట్టారని నాకు కోపం రాలేదు. కళ్ళు చెమర్చాయి. శ్రీకాకుళంలో నేను పెరిగింది అలాగే. కార్తీకమాసంలో మా వీధంతా ఒకే బస్సెక్కి, గార మీదుగా కళింగపట్నానికి వనభోజనాలకి వెళ్ళేవాళ్ళం. సరుగుడు తోటలో ఉసిరిచెట్టు ఎక్కడుంటుంది? మా నాయనమ్మ ఇంటినుంచే కొమ్మ తెచ్చి ఇసకలో గుచ్చి, పసుపు కుంకుమలు పెట్టి, దాని నీడ పడ్డ చోట ఒక్క విస్తరి వేసేది. అదే మాకు ఉసిరిచెట్టు. వంశధార సముద్రంలో కలిసే వైపు పిల్లలెవరైనా అడుగేస్తే, దగ్గర్లో ఏ పెద్దవాళ్ళుంటే వాళ్ళదే దెబ్బ. ఎవరి పిల్లలని చూసేవారు కాదు.

ఇంగ్లండులో పిల్లలకి ఆదివారం క్లాసులో అక్షరాలు నేర్పించగలిగాను. ఆ దెబ్బ వేసే హక్కున్న మనుషుల్ని మాత్రం నేనెక్కణ్ణుంచి తేగలను? ఆ భయం ఏళ్ళ తరబడి మోశాను. వాళ్ళు బస్సులో దొరికారు.

ఈసారి కార్తీకానికి సెలవులు కలిసొచ్చి, మా పాత వీధివాళ్ళతోనే కళింగపట్నం వెళ్ళాం. ఉసిరికొమ్మ అమ్మ తెచ్చింది, చిన్నది గుచ్చింది. మావాడు మెల్లగా ఏటి మొగ వైపు నడవబోయాడు. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న ఒకావిడ, వాడు ఎప్పుడూ చూడని మనిషి, తలెత్తి "ఒరే గుంటడా, ఇటు రా!" అని అరిచింది.

ఎవరామె అని కూడా అడగకుండా వెనక్కొచ్చేశాడు.