బందరు నుంచి ఉసిరి చెట్టు ఊరికి

మాది బందరు. మచిలీపట్నం అని రైలు టికెట్ మీద ఉంటుంది గానీ మేం బందరనే అంటాం. కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లి నెల రోజులున్నాం. ఆ నెలలో మలేషియాలో చాలా చూశాం. అన్నిటికంటే నా మనసులో ఉండిపోయింది మలక్కాలో గడిపిన ఒక్క ఆదివారం. వెళ్లాలని పట్టుబట్టింది మావారు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పిన మనిషి. మలక్కా జలసంధిని బోర్డు మీద ఎన్నిసార్లు గీసి ఉంటారో లెక్కలేదు, ఒక్కసారీ చూసింది లేదు.

పొద్దున్నే కౌలాలంపూర్‌లోని టీబీఎస్ బస్టాండులో బస్సెక్కితే రెండు గంటల్లో మలక్కా సెంట్రల్‌లో దిగాం. అక్కణ్ణుంచి 17 నంబరు సిటీ బస్సు. దారిలో మావారు ఊరి పేరు కథ చెప్పారు. 1400 ప్రాంతంలో పరమేశ్వర అనే రాజకుమారుడు రాజ్యం పోగొట్టుకుని ఇక్కడికి వచ్చాడట. ఒక చెట్టు కింద సేద తీరుతుంటే అతని వేటకుక్కని చిన్న మూషిక జింక ఒకటి ఎదురు తిరిగి తన్ని నీళ్లలో పడేసిందట. ఇంత చిన్న ప్రాణికి ఇంత ధైర్యం ఉన్న నేల మంచి నేలని, అక్కడే ఊరు కట్టాడట. ఆ చెట్టు పేరే ఊరికి పెట్టాడు. మలక్కా చెట్టంటే మన ఉసిరి. సంస్కృతంలో ఆమలకం, మలాయ్‌లో మెలక. కార్తీకమాసంలో ఉసిరి చెట్టు కింద విస్తళ్లు వేసుకుని కూర్చునే మాకు, ఉసిరి చెట్టు పేరు పెట్టుకున్న ఊరు పరాయి ఊరెలా అవుతుంది?

బస్సు దిగేసరికి ఎదురుగా అంతా ఎరుపు. డచ్ స్క్వేర్ అంటారు. 1753లో కట్టిన క్రైస్ట్ చర్చి, దాని పక్కనే డచ్చి గవర్నర్లు ఉన్న స్టాడ్‌హౌస్, గడియార స్తంభం, అన్నీ ఒకే ఎర్ర రంగులో ఉన్నాయి. చర్చికి మొదట్లో ఈ రంగు లేదట, ఇంగ్లీషువాళ్ల కాలంలో వేశారట. చుట్టూ ప్లాస్టిక్ పువ్వులు, బొమ్మలు, రంగు లైట్లు కట్టిన మూడు చక్రాల రిక్షాలు. ఒక్కో రిక్షాలో ఒక్కో పాట పెద్ద సౌండుతో. మా అమ్మాయి ఫొటోలు తీస్తూ ఉండిపోయింది. నేను మాత్రం చర్చిలోకి వెళ్లి తల పైకెత్తి చూశాను. పైకప్పు దూలాలు ఒక్కోటి ఒక్కో చెట్టు నుంచి అతుకు లేకుండా కోసినవి. అంత పొడుగు మాను ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది!

చర్చి వెనక సెయింట్ పాల్స్ గుట్ట. మెట్లు మరీ ఎక్కువేం కాదు గానీ ఎండ మండిపోతోంది. సగం మెట్లెక్కాక నా చెప్పు తెగింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు కాల్చుకుంటూ పైకి చేరాను. పైన 1521లో పోర్చుగీసువాళ్లు కట్టిన చర్చి ఉంది. పైకప్పు లేదు, గోడలే మిగిలాయి. క్రైస్తవ మత ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ చనిపోయాక ఆయన దేహాన్ని 1553లో కొన్ని నెలలు ఇక్కడే ఉంచి, తర్వాత గోవాకి తీసుకెళ్లారు. ఆ చోటు చుట్టూ ఇనుప ఊచలు కట్టారు.

నేను ఆగిపోయింది ఆ గోడలకి ఆనించి నిలబెట్టిన సమాధి రాళ్ల దగ్గర. మనిషికంటే ఎత్తున్న నల్లటి పలకలు. పైన వంశ చిహ్నాలు, కింద డచ్చి అక్షరాలు. వీటిని నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను! బందరులో డచ్చివాళ్ల సమాధుల తోట మా స్కూలు పిల్లల ఆటస్థలంలాంటిది. అచ్చం ఇలాంటి పలకలే, ఇలాంటి అక్షరాలే. ఆ రాతల మీద వేలు పెట్టి గీసుకుంటూ ఆడుకున్నాం. మా ఊళ్లో వలందపాలెం అని ఒక పేట ఉంది. వలందులంటే హాలండువాళ్లు. వాళ్లు బందరులో వర్తక కొఠీ పెట్టింది 1605లో, పోర్చుగీసువాళ్ల దగ్గర్నుంచి మలక్కాని లాక్కుంది 1641లో. మన తీరంలో నేసి, రంగులద్దిన బట్టలు తీసుకొచ్చి, ఈ చుట్టుపక్కల దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయలు కొనుక్కునేవాళ్లు. ఇక్కడివాళ్లకి వెండి నాణేలకంటే మన బట్ట మీదే మోజు.

"అక్కడ పోయినవాళ్లూ ఇక్కడ పోయినవాళ్లూ ఒకళ్లకొకళ్లు తెలిసే ఉంటారు," అన్నారు మావారు, ఒక రాయి మీద పేరు కూడబలుక్కుంటూ. నాకు మాట రాలేదు. బందరులో ఆ తోటకి ఎప్పుడెళ్లినా మేం తప్ప ఇంకెవరూ కనబడరు. ఇక్కడ ఒక గైడు వెనకాల నలభై మంది నిలబడి వింటున్నారు. సంతోషమేసింది, కడుపులో ఎక్కడో కలుక్కుమంది కూడా.

గుట్ట అవతల వైపు దిగితే ఎ ఫమోసా కోట. కోట అంటే ఇప్పుడొక్క గుమ్మమే. 1511లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ ఊరు పట్టుకున్నాక కట్టించాడు, డచ్చివాళ్లు గుమ్మం మీద 1670 అని చెక్కి తమ గుర్తు వేసుకున్నారు, ఇంగ్లీషువాళ్లు 1807లో కోటని పగలగొట్టించారు. ఒకప్పుడు దీని దాకా సముద్రం వచ్చేదట. ఇప్పుడు మట్టి పోసి నేల పెంచేసి, ఆ మేరంతా షాపింగ్ మాల్స్ కట్టారు. ఈ పేట పేరు బోర్డు మీద చదివి మా అమ్మాయి గట్టిగా పిలిచింది. "అమ్మా, చూడు! బందర్ హిలిర్!"

బందర్ అంటే మలాయ్‌లో రేవు పట్నం, ఇప్పుడు ఏ పట్నాన్నైనా అంటారు. మాటా ఒకటే, అర్థమూ ఒకటే. సుల్తానుల కాలంలో ఈ రేవుకి నలుగురు షాబందర్లు, అంటే రేవు అధికారులు ఉండేవాళ్లని మావారు చెప్పారు. గుజరాతీలకొకరు, చైనావాళ్లకొకరు, జావా వైపు దీవులవాళ్లకొకరు, మన తూర్పు తీరం, బెంగాల్, బర్మాలోని పెగూ నుంచి వచ్చేవాళ్లకొకరు. పోర్చుగీసువాళ్లు వచ్చిన కొత్తలో ఇక్కడున్న వాళ్ల మనిషి టోమే పిరెస్ ఈ ఊళ్లో 84 భాషలు వినిపిస్తాయని రాసిపెట్టాడు. అందులో తెలుగు కూడా ఉండే ఉంటుందని నా నమ్మకం.

నది మీద వంతెన దాటి జోంకర్ వీధిలోకి వెళ్లాం. ముందు నాకు స్లిప్పర్లు కొన్నాం, తర్వాత భోజనం. ఇక్కడ చికెన్ రైస్ బాల్స్‌కి పేరు. కోడిని ఉడికించిన నీళ్లలో అన్నం వండి, వేడిమీదే ముద్దలు కడతారు. నిమ్మకాయకంటే కాస్త పెద్దవి. పక్కన ఉడికించిన కోడి ముక్కలు, అల్లం వేసి నూరిన పండుమిరప పచ్చడి. హోటల్ బయట క్యూలో ముప్పావుగంట నిలబడ్డాం. చికెన్‌లో మసాలా లేదు, కారం లేదు. మొదటి ముక్కకి మావారి మొహం చూసి మా అమ్మాయి నవ్వేసింది. కానీ ఆ ముద్దని పచ్చట్లో అద్దుకుని తింటుంటే అమ్మ కలిపి చేతిలో పెట్టిన గోరుముద్దలా ఉంది. నేను ఐదు తిన్నాను.

పక్క వీధిలో బాబా న్యోన్యా మ్యూజియం. చైనా నుంచి వచ్చి ఇక్కడి ఆడవాళ్లని పెళ్లి చేసుకుని స్థిరపడ్డ వర్తకుల వంశాలవాళ్లు వీళ్లు. మగవాళ్లు బాబాలు, ఆడవాళ్లు న్యోన్యాలు. వాళ్ల ఇల్లొకటి ఉన్నదున్నట్టు చూపిస్తారు. వీధి నుంచి చూస్తే ఇరుకు, లోపలికి వెళ్తే ఎంతకీ తరగదు. నడిమధ్య కప్పు లేకుండా ఆకాశం కనిపిస్తూ, వాన నీళ్లు లోపల పడేట్టు వదిలారు. మన మండువా లోగిలే! మేడ మీద నేలలో చిన్న కన్నం ఉంది. గుమ్మంలోకి ఎవరొచ్చారో పైనుంచి ఆడవాళ్లు చూసుకోవడానికట. మా నాయనమ్మ కిటికీ రెక్క ఓరగా తీసి వీధిలోకి చూడటం గుర్తొచ్చింది.

ఆ వీధిలోనే పూసల చెప్పులు కుట్టే కొట్టు చూశాను. ఆవగింజలంత గాజుపూసల్ని ఒక్కోటి సూదికెక్కించి గులాబీలు, పక్షులు కుడతారు. ఒక జతకి వారాలు పడుతుందని చెప్పారు. పెళ్లి కావాల్సిన న్యోన్యా పిల్లకి ఈ పని వచ్చి తీరాలట ఒకప్పుడు. ధర మాకు అందేది కాదు. కొననిదాన్ని ఎక్కువసేపు చూడటం బాగోదని బయటికి వచ్చేశాను గానీ, ఆ కొట్టువాళ్లు అడిగిన డబ్బుకి ఆ పని తగును.

నేను కొన్నది బాటిక్ సరోంగ్, మైనంతో అద్దకం వేసిన లుంగీలాంటి బట్ట. ఆ కొట్టులో ఉన్న పెద్దావిడకి ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. ఏ ఊరని అడిగింది. "బందర్," అన్నాను. "ఏ బందర్?" అంది. ఆవిడకి బందరంటే ఊరేగా మరి! ఇండియాలో ఒక ఊరి పేరే అది అని మా అమ్మాయి మలాయ్‌లో చెబితే ఆవిడ ఆశ్చర్యపోయి నా చెయ్యి పట్టుకుంది. తర్వాత లోపల్నుంచి ఒక రాగి అచ్చు తెచ్చి చూపించింది. దాన్ని కరిగిన మైనంలో ముంచి బట్ట మీద అద్దుతారు, మైనం ఉన్నచోట రంగు పట్టదు. నేను మా బందరు పక్కనున్న పెడన కలంకారీ సంగతి చెప్పాను. మా మేనమామ అక్కడ అద్దకం పని చేసేవాడు. టేకు అచ్చులు, కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన బట్ట, పటిక, కాలవలో ఉతుకులు. మా అమ్మాయికి వీటిలో సగం మాటలు మలాయ్‌లో రావు. చేతులతో చేసి చూపిస్తుంటే ఆవిడకి అన్నీ అర్థమయ్యాయి. సరోంగ్ అంచు మీద వరసగా త్రికోణాలున్నాయి. అలాంటి అంచు మా మామయ్య అచ్చుల్లో కూడా ఉండేది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడగాలనిపించలేదు.

మూడింటికి వాన. గొడుగులు లేవు. ఒక కొట్టు చూరు కింద చేరి చెండోల్ తెప్పించుకున్నాం. తురిమిన ఐసు, కొబ్బరిపాలు, ఉడికించిన ఎర్ర చిక్కుడు గింజలు, వరిపిండితో చేసిన ఆకుపచ్చ పోగులు. మనం కారప్పూస గొట్టంలోంచి తీసినట్టే వాటిని చిల్లుల్లోంచి దించుతారు. పండన్ ఆకు రసంతో ఆ రంగు, వాసన వస్తాయి. మన మొగలి జాతి మొక్కే అది. వీటన్నిటి మీద ముదురు గోధుమ రంగులో గులా మెలక పాకం పోస్తారు. కొబ్బరి పూగెలల నుంచి తీసిన, పులియని తీపి కల్లు కాచి చేసే బెల్లం. తాటిబెల్లానికి దగ్గరగా ఉంటుంది గానీ కొంచెం పొగ వాసన, కొంచెం ఉప్పదనం. గులా అనే మాట మన గుడమే. నా జన్మలో తిన్న చల్లటి తీపి పదార్థాల్లో దీన్ని మించింది లేదు.

వాన వెలిశాక బంగారం పనివాళ్ల వీధికి వెళ్లాం. ఒకే వీధి వరసలో మూడు మతాల గుళ్లున్నాయి. పదిహేడో శతాబ్దపు చైనా గుడి చెంగ్ హూన్ తెంగ్, 1748లో మొదట కట్టిన కంపుంగ్ క్లింగ్ మసీదు, 1781లో కట్టిన శ్రీ పొయ్యాత వినాయగర్ మూర్తి కోవిల. ఆ మసీదు చూసి తీరాలి. మూడంచెల పెంకుటి కప్పు, చైనా పగోడాలాంటి మినార్, గోడలకి సీమ పలకలు. క్లింగ్ అంటే కళింగం నుంచి వచ్చిన మాట అంటారు. తూర్పు తీరం నుంచి వచ్చినవాళ్లందర్నీ వీళ్లు ఒకప్పుడు అలాగే పిలిచేవాళ్లు. ఇప్పుడు ఆ మాట మనుషుల్ని ఉద్దేశించి అంటే తప్పు, నొచ్చుకుంటారు. మసీదు పేరులో మాత్రం అలాగే ఉంది.

వినాయకుడి గుడి మలక్కా చిట్టీలది. సుల్తానుల కాలంలో మన తూర్పు తీరం నుంచి వచ్చిన శెట్టి వర్తకుల సంతతి. ఇంట్లో మాట్లాడేది మలాయ్, కట్టుకునేది సరోంగ్, చేసేది వినాయకుడి పూజ. సుల్తానుల రాజ్యం పోయింది, పోర్చుగీసువాళ్లు, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు వచ్చి పోయారు. వీళ్లు భాష పోగొట్టుకున్నా దేవుణ్ణి వదల్లేదు. సాయంత్రం హారతికి గంట మోగుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మావారు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

చీకటి పడుతుండగా నదిలో పడవ ఎక్కాం. ముప్పావుగంట ప్రయాణం. రెండు గట్ల మీదా ఇళ్ల వెనక గోడలకి బొమ్మలు, మధ్యలో కంపుంగ్ మోర్టెన్ అనే పాత మలాయ్ పేట, చెక్క ఇళ్లు, దీపాలు. రేవు మేట వేసి, ఓడలు పెనాంగ్‌కీ సింగపూర్‌కీ మళ్లిపోయిన ఊరిది. మేటలు, తుఫాన్లు చూసిన ఊరి వాళ్లం మేమూ. 1864 ఉప్పెన గురించి మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ ఊరు 2008లో యునెస్కో జాబితాకెక్కింది. నది పక్కన కూర్చోడానికి బల్లలున్నాయి, నీళ్లలో చెత్త లేదు. ఇంత శ్రద్ధ మా వలందపాలెం మీద ఎవరైనా పెడితే చూడాలని ఉంది.

జోంకర్ వీధిలో శుక్ర, శని, ఆదివారాలు రాత్రి సంత. కాలు పెట్టే చోటు లేదు. ఒక బండి దగ్గర ఓండె ఓండె తిన్నాం. జిగురు బియ్యప్పిండి ఉండ్రంలో గులా మెలక పెట్టి, ఉడికించి, పచ్చికొబ్బరిలో దొర్లిస్తారు. ఒకేసారి నోట్లో వేసుకోవాలి, కొరికితే పాకం చీర మీద చిందుతుంది. నా చీర మీద చిందింది. గొట్టాల్లా పోత పోసిన గులా మెలక రెండు కట్టలు కొనుక్కుని తొమ్మిది గంటల బస్సు పట్టుకున్నాం. బస్సు కదలగానే మావారు నిద్రపోయారు.

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి వంటింట్లో పరమాన్నం పెట్టాను. ఆ బెల్లాన్ని కత్తిపీట లేక చాకుతోనే తరిగి, పాలు విరక్కుండా పొయ్యి ఆపాక కలిపాను. ఇల్లంతా పొగ వాసన, కొబ్బరి వాసన. మా అమ్మాయి గిన్నె పట్టుకుని వచ్చి నిలబడింది.