రద్దు చేయాలా? రద్దు, సరే

పొద్దున ఐదున్నర. ఒంగోలు దగ్గర ఒక ఊళ్ళో పాల కేంద్రం అరుగు మీద కూర్చున్నాను. పాల లెక్క రాసే ఫోన్ యాప్‌కి నేను గీసిన స్క్రీన్లతో ఆ కేంద్రంలో అది మొదటి రోజు. కేంద్రం నడిపే ఆవిడని నేను పిన్నీ అంటాను, ఆవిడ నన్ను అమ్మాయ్ అంటుంది.

పాలు కొలవాలి, శాంపిల్ తియ్యాలి, ఫ్యాట్ చూడాలి, ఫోన్‌లో ఎక్కించాలి. ప్రతిసారీ పిన్ని వేలు కొంగుకి తుడుచుకుంటోంది. చెయ్యి తడిగా ఉంటే ఒక చోట నొక్కితే ఇంకోటి పడుతుంది మరి. నెలల తరబడి ఆఫీసులో కూర్చుని బొమ్మలు గీశాను గానీ, ఈ తడి చెయ్యి నా ఊహలోకే రాలేదు.

అంతలో 6.8 ఫ్యాట్‌కి 8.6 పడింది. తీసేద్దామని నొక్కితే ఒక పెట్టె వచ్చింది: "ఈ ఎంట్రీని రద్దు చేయాలా?" కింద రెండు బటన్లు, "రద్దు", "సరే". ఇంగ్లీషులో డిలీట్ వేరు, క్యాన్సిల్ వేరు. మా తెలుగులో రెండూ రద్దే అయిపోయాయి. ఎవరైనా "రద్దు" మీదే నొక్కుతారు కదా, పిన్నీ అదే నొక్కింది. పెట్టె పోయింది, తప్పు అంకె అలాగే ఉంది. మూడోసారికి "నాకు చేతకావట్లేదమ్మాయ్" అంది. వెనక క్యాను పట్టుకున్నాయన "కానీమ్మా, పొలానికి పోవాలి" అంటున్నాడు.

ఏళ్ళ తరబడి పైసా తేడా రాకుండా పద్దు రాసిన మనిషి చేత ఆ మాట అనిపించాను. ఆ రోజంతా అదే బాధ.

మొదట ఆ పెట్టెనే మార్చాను. "8.6 ఫ్యాట్ ఎంట్రీ తీసేయాలా?" బటన్ల మీద "తీసేయండి", "ఉంచండి". పై ప్రశ్న చదవకపోయినా ఏది నొక్కితే ఏమవుతుందో తెలుస్తుంది. సబ్మిట్ బటన్ మీది "సమర్పించు" కూడా తీసేశాను. దేవుడికి సమర్పిస్తాం, పాల లెక్క రాస్తాం. ఇప్పుడక్కడ "రాయండి" అని ఉంది. స్క్రీన్ మీది మాటలు వాడేవాళ్ళ మాటలే అయి ఉండాలని స్క్రీన్ల డిజైన్ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1994 నాటి పది సూత్రాల్లోనే ఉంది. చదివాను, ఇంటర్వ్యూల్లో చెప్పాను కూడా. అయినా పెట్టెలు ఇంగ్లీషులో గీసి, తెలుగుని చివర్లో అతికించాను.

ఆ అతికింపు వత్తుల దగ్గర బాగా బయటపడింది. బిల్లు స్క్రీన్‌లో "మొత్తం" కాస్తా "మొతం"గా, "ఇవ్వాల్సింది" "ఇవాలింది"గా కనిపించాయి. 16 పిక్సెళ్ల ఇంగ్లీషు అక్షరానికి 19 పిక్సెళ్ల ఎత్తు వరస సరిపోతుంది. మనకి పైన గుడి, కింద వత్తు. "రాష్ట్రం"లో అయితే ష కింద రెండు వత్తులు. ఎత్తు బిగించిన పెట్టెలో పెడితే కింది భాగం తెగిపోతుంది. ఇప్పుడు 26 పిక్సెళ్లు ఇస్తున్నాను, పెట్టె ఎత్తు అక్షరాన్ని బట్టి పెరిగేలా వదిలేస్తున్నాను. గీసేటప్పుడే "రాష్ట్రం", "లక్ష్మి", "ఇవ్వాల్సింది" పెట్టి చూస్తున్నాను. ఆ మూడూ తెగకపోతే మిగతావి చాలావరకు నిలబడతాయి.

బటన్లూ పెంచాను. ఆండ్రాయిడ్ వాళ్ళు చెప్పే కనీస కొలత 48 డీపీ (స్క్రీన్ మీద కొలతకి వాళ్ళు వాడే యూనిట్), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. తడి వేలికి అది చాలదు. "రాయండి" బటన్‌ని స్క్రీన్ అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచాను, "తీసేయండి"ని దానికి దూరంగా పైకి జరిపాను. తెల్ల స్క్రీన్ మీద లేత బూడిద రంగు అక్షరాలు నాకు చాలా ఇష్టం. ఒక్క బల్బు వెలుతురులో అవి కనపడవు. నల్లగా చేసేశాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక అంకె తప్పు పడింది. పిన్ని తీసేసి, సరైనది కొట్టి, "తర్వాతెవరు?" అంది. నావైపు చూడనే లేదు. నాకెంత హాయిగా అనిపించిందో.

ఇక చీటీ ప్రింటర్ మిగిలింది. దాంట్లో తెలుగు ఫాంటే లేదు, అక్షరాలని బొమ్మగా మార్చి పంపాలి. సన్న కాగితం మీద "లక్ష్మి"లో మ వత్తు ఇంకా అలుక్కుపోతోంది. వచ్చే వారం మళ్ళీ ఆ అరుగు మీదికే.