టీవీ ట్యూనర్ మొండికేసినప్పుడు

సీతమ్మధారలో మా ఇంట్లో అమ్మ సీరియల్‌ను సెట్‌టాప్ బాక్స్ నుంచి యూఎస్‌బీ టీవీ ట్యూనర్ ద్వారా లినక్స్ కంప్యూటర్‌లో రికార్డ్ చేస్తుంటాను. ఈ మధ్య రికార్డింగ్ ప్రోగ్రామ్ నడుస్తూనే క్రాష్ అయింది. మళ్లీ తెరిస్తే ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ అంటోంది. సీరియల్ టైమ్ దగ్గర పడుతోంది, ఒకటే టెన్షన్.

ద్వారకానగర్ షాపులో అడిగితే కొత్త ట్యూనర్ కొనమన్నారు. నాకది సబబనిపించలేదు. డ్రైవర్ (ట్యూనర్‌ను కంప్యూటర్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) పాడవలేదు. తెర మీద ప్రోగ్రామ్ విండో మూసుకుపోయినా దాని ప్రాసెస్ (కంప్యూటర్‌లో నడుస్తున్న పని) వెనక బతికే ఉండి, ట్యూనర్‌ను వదల్లేదు. ‘ఫ్యూజర్’ కమాండ్‌తో ఆ ప్రాసెస్ నంబర్ పట్టుకుని ‘కిల్’ చేశాను, అంటే బలవంతంగా ఆపేశాను.

అయినా ‘మోడ్‌ప్రోబ్’ కమాండ్‌తో డ్రైవర్‌ను ఓసారి తీసి మళ్లీ ఎక్కిద్దామని చూస్తే ఇంకా వాడుకలో ఉందంది! అసలు తిరకాసు ఇక్కడే. ట్యూనర్‌లో వీడియోతో పాటు ఆడియో భాగమూ ఉంటుంది, దాన్ని లినక్స్‌లో శబ్దం సంగతి చూసుకునే పల్స్‌ఆడియో పట్టుకుని కూర్చుంది. చాలామంది ఇటువైపు చూడరు. పల్స్‌ఆడియోను ఆపగానే డ్రైవర్ దిగింది, మళ్లీ ఎక్కించగానే బొమ్మ వచ్చింది.

ప్రాసెస్‌ల జాబితా చూపే ‘పీఎస్’ కమాండ్‌లో ప్రాసెస్ పక్కన ‘డి’ అక్షరం (పరికరం జవాబు కోసం ఆగిపోయిందని గుర్తు) కనిపిస్తే మాత్రం కిల్ చేసినా వెంటనే పోదు. ట్యూనర్‌ను పీకి మళ్లీ గుచ్చి చూడండి, అప్పటికీ కదలకపోతే రీస్టార్టే.