నీలం నీళ్ళ మీద తేలిన చుక్క

2024 జూలై 19. బ్యాంకుల జాతీయకరణ రోజని మా యూనియన్ వాళ్ళు రాజమండ్రిలో రక్తదాన శిబిరం పెట్టారు. భోజనాల వేళ మా బ్రాంచి నుంచి నలుగురం వెళ్ళాం. రక్తం ఇచ్చే ఉత్సాహం కంటే, ఓ పావుగంట మంచం మీద పడుకోవచ్చన్న ఆశే నాకు ఎక్కువగా ఉంది. ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

బల్ల మీద గాజు పాత్రలో మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ళు. ల్యాబ్ కుర్రాడు వేలు గుచ్చి, సన్నటి గొట్టంతో ఒక్క రక్తం చుక్క తీసి అందులో వదులుతున్నాడు. మా క్యాషియర్ చుక్క రాయిలా మునిగింది. నాది పైనే తేలుతూ నిలబడింది. "ఇంకోసారి చూద్దాం మేడమ్" అని ఇంకో వేలు గుచ్చాడు. మళ్ళీ అంతే. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములుంటే మునిగేలా ఆ నీళ్ళు కలుపుతారట. అంతకంటే పలచనైన రక్తం తేలిపోతుంది. "మీరు ఇవ్వడం తర్వాత సంగతి, ముందు టెస్టులు చేయించుకోండి" అని జ్యూస్ ప్యాకెట్, బిస్కెట్లు చేతిలో పెట్టి పంపాడు. ఏమీ ఇవ్వకుండా తీసుకున్నందుకు సిగ్గేసింది.

మర్నాడు బ్రాంచికి వెళ్ళేముందు ల్యాబ్‌లో టెస్టుకి రక్తం ఇచ్చాను. సాయంత్రం ల్యాబ్ నుంచి ఫోన్.

"పేషెంటు నడవగలుగుతున్నారా అండీ?"

"నేనే పేషెంటునండీ. బండి మీద ఇంటికెళ్తున్నాను."

అవతల కాసేపు మాట లేదు. హిమోగ్లోబిన్ 6.4. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ 3. ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత, 8 కంటే తగ్గితే తీవ్రమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పెద్ద లోన్ ఫైల్లో ఒక్క సున్నా తేడా వస్తే పట్టుకునే నేను, నా లెక్క సగానికి పడిపోయేదాకా చూసుకోలేదు.

అంతకుముందు ఏడాదిన్నరగా నాకు ఒంట్లో బాగోలేదు. మా బ్రాంచి మొదటి అంతస్తులో ఉంది. ఇరవై రెండు మెట్లు. ఎన్నున్నాయో నాకెందుకు తెలుసంటే, పదకొండో మెట్టు దగ్గర ఆగి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేదాన్ని కాబట్టి. రాత్రి పడుకుంటే చెవిలో నా గుండె చప్పుడు నాకే వినిపించేది. కాళ్ళు లాగేవి, కదపకుండా ఉండలేకపోయేదాన్ని. దువ్వెన నిండా జుట్టు. బంగారం లోన్లకు వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ మాట్లాడుతూ వాక్యం మధ్యలో ఏం చెప్తున్నానో మర్చిపోయేదాన్ని. ఆరేళ్ళ మా పాప హోంవర్కులో ఒక్క తప్పు రాస్తే దాని మీద గట్టిగా అరిచేదాన్ని. అది నిద్రపోయాక కూర్చుని ఏడ్చేదాన్ని.

ఎవరికి చెప్పినా ఒకటే జవాబు. "మరి ఉద్యోగం, పిల్ల, ఇల్లు... అన్నీ ఒక్క చేత్తో చేస్తున్నావు, అలసట ఉండదా!" అత్తయ్య అదే అన్నారు. అమ్మ అదే అంది. ఒకసారి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. ఏం చేస్తుంటారని అడిగారు, బ్యాంకు అనగానే నవ్వి, బి-కాంప్లెక్స్ రాసి, టెన్షన్ తగ్గించుకోమన్నారు. కనురెప్ప కిందకి లాగి చూసినా తెలిసిపోయేది. నిజానికి అందరికంటే ఎక్కువగా ఆ మాట నమ్మింది నేనే. ఉద్యోగం చేసే తల్లంటే అలసిపోయి ఉంటుంది, అంతే. మార్చి క్లోజింగులకి వచ్చే నీరసం జూన్‌లో కూడా ఎందుకుందని ఒక్కసారీ నన్ను నేను అడగలేదు.

ఇక ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నేను పచ్చి బియ్యం తినేదాన్ని.

మొదట ఎసరు పెట్టేటప్పుడు నాలుగు గింజలు. తర్వాత గుప్పెడు. తర్వాత కళ్ళజోడు పెట్టెలో పోసుకుని బ్రాంచికి తీసుకెళ్ళడం. కొత్త బియ్యం నచ్చేవి కావు, పాత సోనామసూరి అయితే పంటి కింద కరకరమనేది. కౌంటర్లో ఎవరూ లేనప్పుడు సొరుగు తీసి, దొంగలా నోట్లో వేసుకోవడం. "బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందే" అని చిన్నప్పుడు అమ్మమ్మ చేతి మీద కొట్టేది. నాకు పెళ్ళై తొమ్మిదేళ్ళు, వాన భయం తీరిపోయింది కదా అని నాలో నేనే జోకేసుకునేదాన్ని. ఇది చెడ్డ అలవాటు అనుకున్నాను గానీ, ఐరన్ లేని ఒళ్ళు ఇలా మట్టి, సున్నం, ఐసుముక్కలు, బియ్యం అడుగుతుందని తెలియదు. ల్యాబ్ రిపోర్టు పట్టుకుని వెళ్ళిన రోజు గైనకాలజిస్టు తలెత్తకుండా రాసుకుంటూనే "బియ్యం తింటావా, ఐసు తింటావా?" అని అడిగింది. నా మొహం వేడెక్కిపోయింది. పక్కనున్న మా ఆయన నా వైపు చూశారు. తొమ్మిదేళ్ళలో ఆయనకి తెలియని సంగతి అదొక్కటే అనుకుంటా.

తర్వాత ప్రశ్న నెలసరి గురించి. ఎన్ని రోజులు? తొమ్మిది, పది. గడ్డలు పడతాయా? పడతాయి. ఎంతసేపటికి ప్యాడ్ మారుస్తావు? మొదటి మూడు రోజులు గంటకోటి, ఒక్కోసారి రెండు కలిపి పెట్టుకుంటాను. ఆ రోజుల్లో నల్ల చీర, కుర్చీలో టవల్, ఆడిట్ తేదీలు వాటిని తప్పించి పడాలని మొక్కులు. "ఇది మామూలే అనుకున్నావా?" అందావిడ. అవునన్నాను. అమ్మకి అంతే, పిన్నికి అంతే. మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ అలాగే ఉంటే మామూలు కాక ఏమవుతుంది!

పొట్ట స్కాన్‌లో గర్భసంచి గోడలో చిన్న ఫైబ్రాయిడ్ గడ్డ కనిపించింది. ఆస్పత్రిలో చేర్చుకుని రెండు ప్యాకెట్ల రక్తం ఎక్కించారు. ఒక్కో ప్యాకెట్‌కి హిమోగ్లోబిన్ ఒక గ్రాము పెరుగుతుందట. నా చుక్క మునగలేదని నవ్విన క్యాషియరే ఆ రాత్రి బ్లడ్ బ్యాంకుకి వెళ్ళి ఆ రక్తం తెచ్చిపెట్టాడు. తర్వాతి వారం సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు, ముదురు గోధుమ రంగు మందు, వెయ్యి మిల్లీగ్రాములు, అరగంటలో అయిపోయింది. ఆ తర్వాత రోజు విడిచి రోజు మాత్ర. మాత్రకి అటూ ఇటూ గంట టీ తాగొద్దు, కాల్షియం బిళ్ళ కలిపి వేసుకోవద్దు, నిమ్మరసం తాగితే మంచిది. ఈ మాత్రల్నే కడుపుతో ఉన్నప్పుడు మలబద్ధకమని కిటికీలోంచి పారేశాను. 2017లో చట్టం మారి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలయ్యాక పుట్టింది మా పాప, అందుకు అదృష్టవంతురాలినే. ఆ 26 వారాల్లో పాప బరువు వారం వారం రాసి పెట్టాను. నా రక్తం ఒక్కసారి కూడా చూపించుకోలేదు.

అమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుని, "తీయించేసుకో, గోల వదిలిపోతుంది" అంది. అమ్మకి ముప్పై ఆరేళ్ళకే గర్భసంచి తీసేశారు. మా వైపు అదేమీ వింత కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. డాక్టరమ్మ మాత్రం "పన్ను నొప్పికి దవడ తీయిస్తామా అమ్మా?" అంది మా అమ్మతోనే. గడ్డ లోపలివైపు పొడుచుకు రాలేదు కాబట్టి, నెలసరి తగ్గించే హార్మోన్ లూప్ గర్భసంచిలో వేసింది. మొదటి నాలుగు నెలలు చుక్కలు చుక్కలుగా కనపడుతూ విసిగించింది, తీయించేద్దామని రెండుసార్లు ఫోన్ చేశాను. ఐదో నెలకి రెండు రోజుల పలచటి నెలసరి అయింది. నల్ల చీరలు బీరువాలో కిందికి వెళ్ళాయి.

ఐరన్ ఎక్కించిన మూడో వారం బియ్యం కడుగుతూ గమనించాను, తినాలనిపించలేదు. రెండు గింజలు నోట్లో వేసుకున్నాను, పరీక్షగా. సుద్దముక్కలా ఉన్నాయి. ఉమ్మేశాను.

అక్టోబరుకి హిమోగ్లోబిన్ 12.1. మెట్ల మీద ఆగడం లేదు. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. రక్తం వచ్చినా రాత్రి తొమ్మిదిన్నరకి నేను ఇంకా అలసిపోయే ఉన్నాను. ఇది వేరే రకం అలసట. ఆయాసం లేదు, గుండెదడ లేదు, పొద్దున్న ఐదింటికి లేచి పద్నాలుగు గంటలు నిలబడితే వచ్చేది. దీనికి ల్యాబ్‌లో పరీక్ష లేదు. జబ్బుని ఇంటి పని అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు జబ్బు పోయింది, ఇంటి పని మిగిలింది.

మా ఆయనకి రిపోర్టు చూపించి "ఇక మీదట నాకు నీరసం వస్తే అది జబ్బు కాదండీ, వంట" అన్నాను. ఆయన ఇంటర్ కాలేజీ లెక్చరరు, సాయంత్రం స్టడీ అవర్లు ఉంటాయి, పొద్దున్న ఖాళీయే. టిఫిను, పాప క్యారేజీ ఆయన వాటాకి వచ్చాయి. మొదటి నెల పాప రోజూ నిమ్మకాయ పులిహోరే తింది. అత్తయ్య రెండు వారాలు నాతో ముభావంగా ఉన్నారు. రాత్రి వంటకి ఒకామెను పెట్టుకున్నాం, ఆమె రాని రోజున పాత కథే. అంతా చక్కబడిందని నేను చెప్పను.

ప్రమోషన్ సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ళు అప్లై చెయ్యలేదు. పాప చిన్నది, బదిలీ అవుతుంది, అందుకే వదులుకున్నానని అందరితో అన్నాను, మెచ్చుకున్నారు కూడా. అందులో సగం అబద్ధం. సర్క్యులర్ రెండు పేజీలు చదివితే మొదటి పేజీ గుర్తుండేది కాదు నాకు, పరీక్ష ఎలా రాస్తాను? మరుసటి ఏడు రాశాను. వచ్చింది. నూట పది కిలోమీటర్ల దూరంలో బ్రాంచి ఇచ్చారు. శనివారం సాయంత్రం రైలెక్కి వస్తాను, సోమవారం తెల్లారకుండా వెళ్తాను. "పిల్లని వదిలేసి వెళ్ళింది" అన్నవాళ్ళున్నారు. పాప ఫోన్‌లో ఏడ్చిన రోజులూ ఉన్నాయి, ఆ రోజు నేను అన్నం తినను.

కొత్త బ్రాంచిలో ఊడ్చే ఆమెకి ముప్పై ఏళ్ళుంటాయేమో. బకెట్ పట్టుకుని మెట్లెక్కి, పైన గోడకి ఆనుకుని నిలబడుతుంది. పెదవులు పాలిపోయి ఉంటాయి. "ఒంట్లో బాగోలేదా?" అని అడిగితే, "ఏం లేదు మేడమ్, ఇద్దరు పిల్లలు, ఇంటి పని..." అంది.

"బియ్యం తింటావా?" అన్నాను.

చేతిలో చీపురు ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరు చెప్పారు మేడమ్?"