అమ్మమ్మ చేయి కోసింది నేను కాదు

నెల కిందట కరీంనగర్‌లో తీసిన పెళ్లి ఆల్బమ్ నిన్న రాత్రే ప్రింటుకు పోయింది. ఇప్పటికి మనసు నిమ్మళించింది. మరిచిపోకముందే రాస్తున్నా.

పెళ్లి రోజు ఏ ఇబ్బందీ లేదు. కెమెరాలోని ఒక కార్డులో రా (కెమెరా ఏమీ దిద్దని ముడి ఫైలు), ఇంకోదాంట్లో జేపెగ్ (కెమెరాయే తయారుచేసి ఇచ్చే మామూలు ఫొటో) పడేలా పెట్టుకున్నా. జేపెగ్ కార్డు ఆల్బమ్ డిజైనర్‌కు ఇచ్చేశా.

పది రోజులకు డిజైనర్ రమ్మన్నాడు. వెళ్లేసరికి పెళ్లికూతురి నాన్న అక్కడే కూర్చుని ఉన్నారు. స్క్రీన్ మీద స్టేజీ గ్రూప్ ఫొటో. ఎడమ చివర నిలబడ్డ అమ్మమ్మ చేయి మణికట్టు దగ్గర తెగిపోయి ఉంది. "ఏందన్నా, ముసలమ్మ చెయ్యి కోసినవ్? ఫ్రేము చూస్కోవా?" అన్నాడు డిజైనర్, పెళ్లికూతురి నాన్న ముందే. ఆయన మాత్రం, "మా అత్తమ్మ ఆ మరుసటి వారమే మంచాన పడ్డది తమ్మీ. ఇంకో ఫొటో ఉన్నదేమో చూడు" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పదిహేనేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా. స్టేజీ ఇరుకు, నా వెనక కుర్చీలు, వెనక్కి జరిగే వీల్లేదు. అయినా ఆ చేయి అంచులోపల ఉందని వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) చూసుకునే నొక్కాను. తప్పు కనిపిస్తే పక్కకు పిలిచి చెప్పాలి గానీ, కస్టమర్ ముందు పరువు తీస్తారా?

ఇంటికొచ్చి రా ఫైలు లైట్‌రూమ్‌లో (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) తెరిచా. చేయి ఉంది! 100 శాతం జూమ్ చేస్తే గుప్పిట్లో అక్షింతలు, వేళ్ల సందులోంచి రెండు పసుపు గింజలు కూడా కనిపించాయి. కానీ వెనక ఫంక్షన్ హాల్ స్తంభాలు పీపాల్లా ఉబ్బి ఉన్నాయి. లెన్స్ ప్రొఫైల్‌కు, అంటే ఆ లెన్స్ తెచ్చే లోపాల్ని దిద్దే సెట్టింగుకు, టిక్కు పెట్టా. స్తంభాలు నిటారుగా నిలబడ్డాయి, చేయి మాయం. టిక్కు తీస్తే చేయి వచ్చింది, స్తంభాలు వంగాయి. అర్ధరాత్రి దాకా ఇదే. ఒక మిత్రుడు జేపెగ్‌కే ప్రొఫైల్ వేసి చూడమన్నాడు. కెమెరా ఒకసారి దిద్దినదాన్ని మళ్లీ దిద్దితే స్తంభాల నడుములు లోపలికి పోయాయి. ఆ సలహా ఎవరూ వినకండి.

చివరికి కెమెరా మెనూ వెతికితే దొరికింది. లెన్స్ వంపును కెమెరాయే దిద్దే ఆటో డిస్టార్షన్ కంట్రోల్ ఆన్‌లో ఉంది. 24 ఎంఎం దగ్గర, అంటే వెడల్పుగా తీసేటప్పుడు, నా జూమ్ లెన్స్ గీతల్ని బయటికి వంచుతుంది. వాటిని సరిచేయాలంటే బొమ్మను మూలల వైపు సాగదీయాలి, ఫ్రేము దాటినదాన్ని కత్తిరించాలి. కెమెరా ఆ పని జేపెగ్‌కు చేసింది, రా జోలికి పోలేదు. నా డీఎస్ఎల్ఆర్ లాంటి అద్దమున్న కెమెరాలో వ్యూఫైండర్ లెన్స్‌లోంచి వచ్చిందే చూపిస్తుంది. కత్తిరించాక మిగిలేదేమిటో అందులో తెలియదు.

లైట్‌రూమ్‌లో ప్రొఫైల్ కింద డిస్టార్షన్ స్లైడర్ ఉంటుంది, వంపు ఎంత దిద్దాలో దాంతో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. దాన్ని 100 నుంచి 40కి తగ్గించా. చేయి మొత్తం వచ్చింది. స్తంభాల్లో మిగిలిన వంపు చెబితే తప్ప కనపడదు. పూర్తిగా దిద్దినప్పుడు చివరి వాళ్ల ముఖాలు వెడల్పుగా సాగాయి, ఆ బాధా తగ్గింది. లెన్స్ వల్ల మూలల్లో పడే చీకటిని కూడా సగమే తీశా. ఒక స్టాప్ (వెలుగు కొలిచే మెట్టు) చీకటి తీయడమంటే అక్కడ వెలుగు రెట్టింపు చేయడమే, తక్కువ వెలుగులో తీయడానికి పెంచిన ఐఎస్ఓ 3200లో దాంతోపాటు నాయిస్ (చుక్కచుక్కల మచ్చలు) కూడా పైకి తేలుతుంది. అంచుల్లో ఊదారంగు గీతలు ఒక్క టిక్కుతో పోయాయి.

డబ్బు పెట్టలేనివాళ్లకు డార్క్‌టేబుల్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్ ఉచితం. అది వాడే లెన్స్‌ఫన్ అనే లెన్స్‌ల జాబితాలో మీ లెన్స్ ఉంటే చాలు. మనుషులున్న ఫొటోలకు కెమెరాలో ఈ దిద్దుబాటు ఆపేయండి. ఎంత దిద్దాలో ఒక్కో ఫొటో చూసి మీరే తేల్చుకోండి. రా ఫైళ్లు మాత్రం ఆల్బమ్ చేతికొచ్చేదాకా చెరపకండి.

కొత్త ఫైలు ముందు పెళ్లికూతురి నాన్నకు పంపి, తర్వాతే డిజైనర్‌కు ఇచ్చా. డిజైనర్ నుంచి ఇప్పటిదాకా ఒక్క మాట లేదు. ఆయన మాత్రం పొద్దున్నే ఫోన్ చేసి, ఆ ఒక్క ఫొటో 12 బై 18 సైజులో విడిగా ఫ్రేము కట్టించి, అమ్మమ్మ మంచం ఎదురుగా గోడకు పెట్టడానికి ఇమ్మన్నారు.