పన్నెండో స్థానం

పడుకుందామని లైటు తీసేసి, మళ్లీ లేచొచ్చి కూర్చున్నాను. అత్తయ్యకి దగ్గు తగ్గుముఖం పట్టింది. చంటిగాడికి సోమవారం నుంచి పదో తరగతి పరీక్షలు. ఆ భాగోతం రేపు రాస్తాను. ఇప్పుడు మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

2024-25 సీజన్ ఇవాళ్టితో సరి. గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1. మొత్తం 24 మ్యాచుల్లో నాలుగే గెలుపులు, 18 పాయింట్లు, 13 జట్లలో 12వ స్థానం. మన కింద మహమ్మడన్ స్పోర్టింగ్ ఒక్కటే ఉంది. మన సౌరవ్ గాల్లో వెల్లకిలా లేచి కొట్టిన గోల్ అద్భుతం.

నన్ను కుదురుగా పడుకోనివ్వనిది స్కోరు కూడా కాదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన నా హైదరాబాద్ ఎఫ్‌సీ పసుప్పచ్చ జెర్సీతో బండి తుడుస్తున్నారు. వీపు మీది అక్షరాలు చైన్ గ్రీజులో నల్లగా అయిపోయాయి. "అదేంటండీ" అంటే "పాతదే కదా, అయినా ఓడిపోయే టీమ్‌దేగా" అన్నారు. మొదటి మాటని క్షమించగలను, రెండో మాటని క్షమించలేను. అన్నాలప్పుడు మాట్లాడలేదు. "గుడ్డముక్క కోసం ఏటే ఆ మూతి ముడుచుకోడం?" అని అత్తయ్య అడిగారు. ఆవిడకి చెప్పినా అర్థం కాదు.

ఆఫీసులోనూ ఇదే. మా సెక్షన్‌లో ఒడిశాలోని రాయగడ నుంచి రోజూ రైల్లో వచ్చే ఆయన ఒకడున్నాడు. నవంబరులో ఒడిశా ఎఫ్‌సీ మనల్ని మన గ్రౌండ్‌లోనే 6-0తో చితక్కొట్టింది. మర్నాడు ఆయన ఛెనాపోడ అనే ఒడిశా మిఠాయి డబ్బా తెచ్చి అందరికీ పంచాడు. నా టేబుల్ దగ్గరకొచ్చి ఆరు వేళ్లు చూపించి మరీ ముక్క పెట్టాడు. దాన్ని తినలేదు, పారేయలేదు, అలా ఫైలు మీదే ఉంచేశాను. అప్పుడు మా సూపరింటెండెంట్ గారు, "అది తెలంగాణ టీమ్ కదమ్మా, నీకెందుకు బాధ?" అన్నారు.

ఎందుకేంటి! మన ఆంధ్రా వైపు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) క్లబ్బే లేదు. ఈ 2024-25 సీజన్‌లో తెలుగు నేల మీద ఉన్నది అదొక్కటి. పైగా హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే నిన్న పుట్టింది కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు అనే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ గెల్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఉంది. ఆ జట్టుని తయారుచేసిన కోచ్ రహీం సాబే 1962లో జకార్తాలో ఇండియాకి ఆసియా క్రీడల బంగారం తెచ్చాడు. అమ్ముగూడలో పుట్టిన బలరాం ఆ ఇండియా జట్టులో ఆడాడు. ఇవన్నీ నాన్న నోట విన్నవే. జూట్ మిల్లు జట్టుకి నాన్న గోల్‌కీపర్. క్వార్టర్స్ ఎదురుగా గోల్ స్తంభాల బదులు రాళ్లు పెట్టుకుని ఆడేవారు. క్రికెట్ కెప్టెన్ విజ్జీ పుట్టిన మా విజయనగరంలో అందరూ క్రికెట్ అని పరిగెడుతుంటే మా ఇంట్లో మాత్రం ఈ ఆట ఉండేది.

2022 మార్చి 20, ఆదివారం. గోవా ఫతోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్, ఎదురుగా ఇదే కేరళ. నేను పుట్టింట్లో ఉన్నాను. అప్పటికే మోకాళ్ల నొప్పులతో నాన్న కుర్చీలోంచి లేవడమే కష్టం. కేరళ ముందు గోల్ కొట్టింది. అమ్మ కంచాలు పెట్టేస్తానంటే "ఉండవే" అని కసిరారు. 88వ నిమిషంలో సబ్‌గా వచ్చిన మన సాహిల్ తవోరా దూరం నుంచి గాల్లో ఉన్న బంతిని అలాగే లాగి కొట్టాడు. నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు తలుపు తీసుకొచ్చారు. పెనాల్టీలొచ్చేసరికి నాన్న లేచి నిలబడ్డారు. లుంగీ పైకి మడిచి, మోకాళ్లు కొంచెం వంచి, రెండు చేతులూ చాపి టీవీ ముందు నిలుచున్నారు. మన గోల్‌కీపర్ కట్టిమణి ఎటు దూకితే అటు ఆయన భుజం కదులుతోంది. కేరళ ఆటగాడు నిషు కుమార్ కొట్టింది ఆపాడు. రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. "గీత దాటీసాడే!" అని నాన్న తల పట్టుకున్నారు. మళ్లీ కొడితే మళ్లీ ఆపాడు! మూడు ఆపాడు మొత్తం. మన నర్జరీ చివరి పెనాల్టీ వేయగానే నాన్న నా వైపు తిరిగి ఏదో అనబోయి, అనలేక, వెళ్లి మొహం కడుక్కున్నారు. ఆ జెర్సీ తెప్పించుకున్నది ఆ వారంలోనే.

నాన్న పోయాక క్లబ్ ఇలా అయింది. ఒక్కోసారి ఆయన చూడకపోవడమే మంచిదనిపిస్తుంది.

ఇవాళ అసలు రాద్దామనుకున్నది వేరు. ఈ జట్టుకి రోషం లేదు, 2022 హీరోలంతా మంచి క్లబ్బులు చూసుకుని చక్కా పోయారు, మిగిలినవాళ్లకి జెర్సీ విలువ తెలీదు, ఇదే రాద్దామని కూర్చున్నాను. కానీ నాన్న గురించి రాసేసరికి మిల్లు లాకౌట్ గుర్తొచ్చింది. గేటుకి నోటీసు అంటించారు, నెలల తరబడి కూలి లేదు. మిల్లు జట్టులో బాగా ఆడే ఫార్వర్డ్ బాబాయి పెళ్లాం పిల్లల్ని తీసుకుని చెన్నై వెళ్లిపోయాడు. అందరూ తిట్టారు. నాన్న ఒక్కరే, "కూలివ్వకపోతే పిల్లల్ని ఏటి పెట్టి పెంచుతాడు? ఎలిపోనీ" అన్నారు.

ఇక్కడ జరిగిందీ అదే కదా. జీతాలు అందక ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. 2023-24లో విదేశీయుల్లో చివరికి మిగిలింది జువావ్ విక్టర్ ఒక్కడే. పక్కన అంతా కుర్రాళ్లు. 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు, అది చెన్నై వెళ్లి చెన్నైయిన్ మీద సాధించారు. ఆ పిల్లలు ఓడిన ప్రతిసారీ మర్నాడు మళ్లీ ప్రాక్టీసుకి వెళ్లారు. వాళ్లకి రోషం లేదని ఎలా రాస్తాను? ఈ సీజన్ కూడా అంతే. మొదలయ్యేదాకా జట్టు ఉంటుందో లేదో తెలీదు. హడావుడిగా కట్టిన జట్టు ఇది. కొత్త యజమానులు చేతిలోకి తీసుకునేసరికి అక్టోబరు వచ్చేసింది.

అయినా ఆరు గోల్సేంటండీ! బంతి పోగానే వెనక్కి పరిగెత్తడానికి యజమాని ఎవరైతే ఏం? ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను. నవంబరు మొదట్లో కొచ్చి వెళ్లి కేరళని 2-1తో ఓడించిన జట్టే కదా, అదే నెలలో ఇంట్లో అలా చేతులెత్తేస్తే ఎలా? డిసెంబరులో కోచ్ సింగ్టోని తీసేశాక షమీల్ చెంబకత్ వచ్చాడు. ఆయన కుర్రాళ్లని నమ్ముతాడు. ఆయన్నే ఉంచితే బాగుండును. ఒక మంచి స్ట్రైకర్ కావాలి. 2021-22లో ఓగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు, అలాంటివాడు లేకుండా మధ్యలో ఎంత బాగా పాస్‌లిచ్చుకుంటే ఏం లాభం?

చంటిగాడు ఈసారి నుంచి మోహన్ బగాన్ అంటున్నాడు, లీగ్‌లో మొదటి స్థానానికిచ్చే షీల్డ్ గెల్చింది వాళ్లే కాబట్టి. పరీక్షలయ్యాక వాడితో మాట్లాడాలి. ఇప్పుడు మాట్లాడితే వాళ్ల నాన్న నా మీదే పడతారు.

వచ్చే సీజన్‌లో ఆ అబ్బాయిలకి జీతాలు నెలనెలా అందితే చాలు, తొమ్మిదో స్థానమైనా పర్లేదు అని రాయబోయాను. పర్లేదు కాదు. మొదటి ఆరులో ఉండాలి. ప్లేఆఫ్ ఆడాలి.